చార కనిపించని పేట

గువ్వలంకకు వరద వచ్చిందని గోదావరికి తెలుసు, గువ్వలంక మనుషులకు తెలుసు, మూడు రోజులు చూరు ఎక్కి కూర్చున్న కోళ్లకు సైతం తెలుసు. తెలియవలసింది ఇక ప్రభుత్వానికి మాత్రమే.

ప్రభుత్వం మనలాగా ఊరికే తెలుసుకోదు. కిందటిసారి వరదల్లో, గోదావరిని సినిమాల్లో తప్ప చూడని వాళ్లు కూడా బాధితుల జాబితాలో చేరి సాయం పట్టుకుపోయారని పత్రికలు గోల పెట్టాయి. దాంతో రాజధానిలో పెద్దలు కూర్చుని ఆరు నెలలు ఆలోచించి, మనిషి మాట నమ్మే అవసరమే లేని ఉపాయం ఒకటి కనిపెట్టారు. నీరు తీసేశాక గోడ మీద బురద గీత మిగులుతుంది కదా, ఇకమీదట ఆ గీతే సాక్షి. దానికి ‘వరద చార’ అని నామకరణం చేశారు. దాన్ని ఫోటో తీసి కొలిచే యాప్‌కు ‘చార దర్శిని’ అని పేరు పెట్టారు. చార రెండడుగులు దాటితే పూర్తి బాధితుడు. దాటకపోతే సగం బాధితుడు. అసలు చారే లేకపోతే అబద్ధాలకోరు. పూర్తి బాధితుడికి బియ్యం, పప్పు, నూనెతో పాటు నెత్తిన కప్పుకోవడానికి ఒక నీలం ప్లాస్టిక్ బరకం ఇస్తారు.

బొంతు సువార్తకు బియ్యం మీద ఆశ లేకపోలేదు గానీ, మనసంతా ఆ బరకం మీదే ఉంది. కూతురు రూతమ్మ పురిటికి వచ్చింది. అల్లుడు చెన్నైలో తాపీపని మీద ఉన్నాడు. వరద వచ్చిన నాటికి మనవరాలికి తొమ్మిదో రోజు. పెళ్లిళ్లలో అన్నం వండే డేగిసా ఒకటి పేట మొత్తానికీ ఉమ్మడిగా ఉంటే, సువార్త అందులో పాత చీర పరిచి, పిల్లను పడుకోబెట్టి, నెత్తిన పెట్టుకుని, మెడలోతు నీళ్లలో నడిచి ఏటిగట్టు ఎక్కింది. వెనకాల రూతమ్మ తల్లి కొంగు పట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి ముగ్గురూ గట్టు మీదే, నాలుగు కర్రల మీద కట్టిన రెండు చీరల కింద ఉంటున్నారు. ఈ రోజు సోమవారం. గురువారానికి ఇంకో వాయుగుండం వస్తుందని రేడియో చెబుతోంది. చీర ఎండను ఆపుతుంది గానీ వానను ఆపదు. గురువారం లోపల బరకం రావాలి. సువార్తకు తెలిసిన లోకవ్యవహారం ఆ వారానికి అంతే.

బడిలో తలదాచుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఊళ్లో రెండు గదుల బడి ఉన్న మాట నిజమే. అందులో సాయం సామాన్లు పెట్టారు. తడిస్తే పాడైపోతాయని తలుపులు వేసి తాళం కూడా పెట్టారు. తడిసినా పాడైపోని వాళ్లు గట్టు మీద ఉన్నారు.

గువ్వలంకలో ఊరు మెరక మీద ఉంటుంది, పేట పల్లంలో ఉంటుంది. తాతల నాడు స్థలాలు పంచేటప్పుడు పేటవాళ్ల వంతు వచ్చేసరికి మెరక అయిపోయిందట. ఆ తరువాత కూడా ఎన్నిసార్లు పంచినా వాళ్ల వంతుకే అయిపోతోంది. కాబట్టి చారలు కొలిచే పని సహజంగానే ఊళ్లో మొదలైంది. దారి అక్కడ పొడిగా ఉంది.

వరద చార నిర్ధారణ ప్రత్యేకాధికారి దక్షిణామూర్తి గారు స్టీలు టేపుతో దిగారు. పెద్ద చదువు చదువుకున్న మనిషి, లంచం ముట్టడు, అంగుళంలో పదో వంతు తప్పినా నిద్ర పట్టదు. వెంట గ్రామ రెవెన్యూ ఉద్యోగి వీర్రాజు ఫోనుతో నడిచాడు. పని ఎలా జరుగుతుందో చూసి నేర్చుకుందామని సువార్త కూడా వెళ్లి, కొబ్బరితోటల ఆసామి బుల్లబ్బాయి గారి గేటు బయట నిలబడింది.

బుల్లబ్బాయి గారి మేడకు ఆరడుగుల అరుగు ఉంది. నీరు గుమ్మం దాకా రాలేదు. కానీ ఆ పెరట్లో గోడలకు కొదవ లేదు. పశువులసాలకు చార ఉంది. మోటారు షెడ్డుకు ఉంది. కొబ్బరికాయల గోదాముకు రెండు పక్కలా ఉంది. వీర్రాజు ఒక్కొక్కటీ ఫోటో తీస్తూ వెళ్లి, పెరటి చివర ఇటుకలతో కట్టిన కుక్క గూడు దగ్గర ఆగాడు. గూడు మూడడుగుల ఎత్తు, చార రెండున్నర అడుగుల మీద ఉంది.

ఫోను ఠంగుమంది. “పూర్తిగా ముంపుకు గురైన నివాసం అంటోందండి,” అన్నాడు వీర్రాజు. “యజమాని పేరు అడుగుతోంది.”

“ఒరేయ్, అది కుక్కది రా బాబూ,” అన్నారు బుల్లబ్బాయి గారు సిగ్గుపడి. “వదిలెయ్. నలుగురూ నవ్వుతారు.”

దక్షిణామూర్తి గారు టేపు చుడుతూ, “అలా వదలడానికి వీల్లేదండి,” అన్నారు. “మన విచక్షణకు తావిస్తే మళ్లీ అవినీతి ప్రవేశిస్తుంది. మనిషి అని, కుక్క అని నిబంధనకు పక్షపాతం లేదు. గోడ ఉందా, చార ఉందా, అంతే. పేరు?”

“టైగరు.”

“తండ్రి పేరు?”

బుల్లబ్బాయి గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “నా పేరే రాయండి,” అన్నారు.

ఆ విధంగా ఆయన ఆవరణకు అయిదు బరకాలు మంజూరయ్యాయి. గేటు బయట సువార్తకు ప్రాణం లేచి వచ్చింది. రెండున్నర అడుగులకే కుక్కకు ఇచ్చారంటే మెడలోతు మునిగిన తనకు ఇవ్వరా అనుకుంది. అమాయకురాలు.

మధ్యాహ్నం దక్షిణామూర్తి గారు బురదలో చెప్పులు చేత పట్టుకుని పేటకు వచ్చారు. నలభై మూడు ఇళ్లు ఉండవలసిన చోట నాలుగైదు గుంజలు, ఒక రుబ్బురోలు, చాలా ఆకాశం కనిపించాయి.

“గోడలు ఏవి?” అన్నారాయన.

“పోయాయండి,” అంది సువార్త.

“చారలు?”

“గోడల మీద ఉంటాయి కదండి. ఆటితోపాటే పోయాయండి.”

దక్షిణామూర్తి గారు గుంజల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. “చూడమ్మా, ఇక్కడ వరద వచ్చిన జాడ నాకు కనిపించడం లేదు. జాడ లేనప్పుడు వచ్చిందని రాస్తే అది కల్పన అవుతుంది.”

“ఇల్లు లేదు కదండి బాబూ. ఇల్లు లేకపోడమే జాడ కాదాండి?”

“ఇల్లు లేకపోవడానికి సవాలక్ష కారణాలు ఉండవచ్చు. అసలు కట్టుకోకపోవడం కూడా ఒక కారణం.”

సువార్త ఆయన్ను గట్టు కింద కొబ్బరిచెట్టు దగ్గరకు తీసుకెళ్లి, మాను మీద బురద గీత చూపించింది. చెట్టు ఉద్యానశాఖ పరిధిలోకి వస్తుందని ఆయన విచారించారు. ఆమె ఊరుకోలేదు. నిటారుగా నిలబడి, అరచెయ్యి మెడకు అడ్డంగా పెట్టింది.

“ఇదిగోండి, ఇక్కడికి వచ్చాయండి నీళ్లు. నెత్తి మీద పిల్లది, ఎనకాల బాలింత. నన్ను కొలుచుకోండి.”

దక్షిణామూర్తి గారి చెయ్యి అలవాటు కొద్దీ టేపు మీదకు వెళ్లి, వెనక్కి వచ్చింది. “మనిషి స్థిరమైన ఆధారం కాదమ్మా,” అన్నారు మెత్తగా. “కదులుతాడు.”

మర్నాడు పొద్దున్నే సువార్త బడి దగ్గరకు వెళ్లి, వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న దక్షిణామూర్తి గారి ఎదుట నిలబడింది. తాళం వేసిన కిటికీ సందులోంచి నీలం బరకాల దొంతర కనబడుతోంది. చెయ్యి పెడితే అందేటంత దూరం.

“గోడ ఉంటే ఇత్తారు కదండి? ఇయ్యాల కట్టేత్తానండి.”

“కొత్త గోడకు చార ఉండదమ్మా. అప్పుడు మీకు వరద రాలేదని రుజువైపోతుంది. ఇప్పుడు కనీసం అనుమానం మిగిలి ఉంది.” ఆయనకు ఆమె మీద జాలి కలగకపోలేదు. జాలికి కూడా నిబంధన ఏదైనా ఉందేమోనని ఉత్తర్వు కాగితాలు తిరగేశారు. ఏడో పేజీలో వేలు ఆగింది. “ఇదిగో. ‘సదరు గోడ బాధితునికి చెందినదై ఉండవలెను. తనిఖీ సమయమునకు యథాస్థానమున నిలిచి ఉండవలెను.’ నడుమ ఎక్కడికి వెళ్లి వచ్చిందన్న ప్రశ్న ఉత్తర్వులో లేదు. మీ గోడ వెతికి తెచ్చుకోండి. నేను చట్టప్రకారం చూస్తాను.”

గోదావరిలో కొట్టుకుపోయిన గోడను వెతకమని ఒక మనిషికి చెప్పడం పిచ్చిపనిలాగా కనిపించవచ్చు. సువార్తకు అలా అనిపించలేదు. వరద వచ్చాక మొదటిసారి ఒకరు చెయ్యదగ్గ పని చెప్పారు.

పైగా ఆమె గోడ ఎక్కడున్నా గుర్తుపట్టేదే. రోడ్డు పనివాళ్లు వదిలేసిన తారు డబ్బాలను చదును చేసి, ఆ రేకులను సర్వీ కర్రల చట్రానికి మేకులతో కొట్టి, నీలం రంగు వేసుకున్న గోడ అది. ఏటా క్రిస్మస్‌కి చర్చికి తెల్లరంగు వేయగా డబ్బా అడుగున మిగిలిన దాంట్లో రూతమ్మ చెయ్యి ముంచి, ఆ గోడ మీద అద్దేది సువార్త. ఏడాదికి ఒక చెయ్యి. పిల్ల ఎదిగినకొద్దీ చేతులు పైకి ఎక్కుతూ వచ్చాయి. పెళ్లయిన ఏడాది ఒక్కటి వెయ్యలేదు. ఈ క్రిస్మస్‌కి కింద నుంచి మళ్లీ మొదలుపెడదామని అనుకుంటూ ఉండగా ఏరు వచ్చింది.

పేటలో నలుగురు ఒక నావ తీశారు. మంగళవారమంతా తుమ్మడొంకల్లో, ఇసుకమేటల్లో వెతికారు. ఒకళ్ల తలుపు దొరికింది. ఒకళ్ల పందిరి మంచం దొరికింది. గోడ దొరకలేదు. బుధవారం పొద్దున బుల్లబ్బాయి గారి అరటితోటలో, కంచెకు అడ్డంగా, బురద ముద్దలాంటిది ఒకటి పడి ఉంది. సువార్త కొంగు తడిపి ఒక మూల తుడిచింది. తెల్లగా మూడేళ్ల పిల్ల చెయ్యి బయటపడింది. ఆమెకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. ఇల్లు పోయిననాడు కూడా ఏడవలేదు, తీరిక లేక.

“ఏమే సువార్తా, అది నీదా?” అంటూ బుల్లబ్బాయి గారు వచ్చారు. “మా తోటలో పడిందని వీర్రాజు దీన్ని కూడా ఫోటో తీశాడే. పనికిరాదందట యాప్. తీసుకుపో, తీసుకుపో.” తరువాత కొంచెం తటపటాయించి, “పసిపిల్లతో గట్టు మీద ఉన్నావంట కదా. నా దగ్గర అయిదు బరకాలు ఊరికే పడున్నాయి. ఒకటి ఇద్దును గానీ, తనిఖీకి వస్తే ఎవరి బరకం వాళ్ల గోడ దగ్గర కనబడాలంట. టైగరుది కూడా చూపించాలంట. ఏం చెయ్యను చెప్పు?” అన్నారు.

ఆయన నిజంగానే బాధపడ్డారు. టైగరు తన బరకం మీద పడుకుని తోక ఆడించింది.

నలుగురూ గోడను నావలో తెచ్చి, పాత స్థలంలో, పాత గుంతల్లోనే కర్రలు దిగేసి నిలబెట్టారు. ఇల్లంటూ లేని చోట ఒంటి గోడ ఏటికేసి చూస్తూ నిలబడింది. ఆ మధ్యాహ్నమే దక్షిణామూర్తి గారు వచ్చారు. వీర్రాజు ఫోను ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

“చార కనబడలేదంటోందండి.”

“ఏంటండి బాబూ, ఒళ్లంతా బురదేగా!” అంది సువార్త.

“అదేనమ్మా చిక్కు,” అన్నారు దక్షిణామూర్తి గారు. “చార అంటే గీత. కింద బురద ఉండాలి, పైన శుభ్రంగా ఉండాలి. రెండూ కలిసే చోట చార. కింద నుంచి పై దాకా బురదే అయితే చార ఎక్కడుంటుంది?”

“మొత్తం మునిగిపోయిందండి.”

“మొత్తం మునిగితే ఈ విధానంలో ముంపు కిందకు రాదు. కొంతైనా తేలి ఉండాలి.” ఈ మాట అన్నాక ఆయనకే ఏదో తేడాగా తోచి, ఒక నిమిషం నీళ్ల వైపు చూశారు. ఉత్తర్వులో తేడా ఏమీ లేదు కాబట్టి తేరుకున్నారు.

సువార్త ఆయన ముఖంలోకి చూసింది. “అయితే పైన శుభ్రంగా ఉండాలాండి?”

“ఉండాలి.”

“మీరు మళ్లీ ఎప్పుడొత్తారండి?”

“రేపు పొద్దున.”

“ఆయ్. రండి బాబూ.”

ఆయన వెళ్లగానే సువార్త గోడకు ఆనుకుని నిలబడి, తన మెడ ఎంత ఎత్తులో ఉందో రూతమ్మ చేత బొగ్గుతో గుర్తు పెట్టించింది. గోడను ఏ ఎత్తున కడిగినా అడిగేవాడు లేడు. కానీ నీళ్లు మెడ దాకా వచ్చాయి, మెడ దాకానే చూపిద్దామనుకుంది. ఆ గుర్తుకు సరిగ్గా కొబ్బరితాడు బిగించి కట్టి, పైన ఉన్న బురదంతా పీచుతో తోమి కడిగింది. రూతమ్మ పెద్దయ్యాక అద్దిన చేతులు ఒకటొకటిగా బయటికి వచ్చాయి. మూడేళ్లప్పటిది తప్ప చిన్నప్పటివి బురద కిందే ఉండిపోయాయి.

గురువారం పొద్దున ఆకాశం నల్లగా ఉంది. దక్షిణామూర్తి గారు టేపు పట్టారు. “నాలుగడుగులు. చుట్టుపక్కల లంకల్లో ఇంత ఎత్తు చార ఇప్పటి దాకా నమోదు కాలేదు!” ఫోను ఠంగుమంది. గీత అంత తిన్నగా ఎలా ఉందని ఆయన అడగలేదు. తిన్నని గీతలంటే ఆయనకు మొదటి నుంచీ ఇష్టం.

“బరకం ఇత్తారాండి మరి?” అంది సువార్త.

“తప్పకుండా. వీర్రాజూ, తక్షణం ఒక బరకం తెప్పించు.”

బరకం వచ్చింది. మడతలు విప్పుతుంటే కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. సువార్త రెండు చేతులూ చాపింది. దక్షిణామూర్తి గారు బరకాన్ని ఆమె పక్కనుంచి తీసుకెళ్లి గోడ మీద కప్పించారు.

“ఇంతటి చారను పై నుంచి ప్రత్యేక బృందం వచ్చి స్వయంగా చూస్తుంది,” అని వివరించారు. “బృందం సోమవారం వస్తుంది. ఈ లోపల వాన కురిసి చార కరిగిపోతే మీ హక్కే పోతుంది కదా! గోడను తడవకుండా చూసుకోవడం మన బాధ్యత. బృందం ధ్రువీకరించాక మీ బరకం మీకు విడిగా వస్తుంది.”

సువార్త చాపిన చేతులు దించుకుంది. వీర్రాజు బరకాన్ని నాలుగు పక్కలా కర్రలకు లాగి కట్టి, జల్లు కూడా కొట్టకుండా ముందుకు చూరులాగా దింపాడు. పనివాడే. గోడ సుఖంగా ఉంది. మొదటి చినుకు సువార్త ముక్కు మీద పడింది.

మధ్యాహ్నానికి వాన దంచి కొట్టింది. ఇంత గాలిలో గోడ ఏమైపోయిందోనని దక్షిణామూర్తి గారికి అన్నం సహించలేదు. గొడుగు వేసుకుని బయల్దేరితే, గట్టు మీదే గొడుగు తిరగబడింది. నిలువునా తడిసి పేట చేరి, బరకం అంచు ఎత్తి చూసేసరికి లోపల గోడకు ఆనుకుని సువార్త కూర్చుని ఉంది. పక్కన రూతమ్మ ఉంది. డేగిసాలో పిల్ల పడుకుని ఉంది.

“ఏమిటమ్మా ఇది! బరకం గోడకు మంజూరైంది. మనుషులకు కాదు.”

“తెలుసండి,” అంది సువార్త. “మేం బరకం వాడుకోట్లేదండి. గోడకి కాపలా ఉన్నామండి.”

“కాపలానా?”

“కాదాండి మరి? ఒకపాలి బుల్లబ్బాయి గారి తోట దాకా ఎల్లొచ్చిన గోడండి ఇది. మళ్లీ ఎల్లదని ఏంటండి నమ్మకం? పెద్ద బ్రుందం వచ్చే యాళకి గోడ లేకపోతే మీకే కదండి మాట.”

దక్షిణామూర్తి గారు వానలో నిలబడే ఆలోచించారు. ఉత్తర్వు తొమ్మిదో పేజీలో ‘ఆధారముల పరిరక్షణకు తగు ఏర్పాట్లు’ అన్న మాట ఉన్నట్టు గుర్తుకొచ్చింది. ఆయన కళ్లజోడు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

“తడిసిపోతన్నారు. లోనికి రండి బాబూ,” అంది సువార్త జరిగి చోటిస్తూ.

ఆయన వంగి లోపలికి వచ్చి, గొంతుకూర్చుని, మోకాళ్ల మీద రిజిస్టరు తెరిచారు. నెత్తిన బరకం మీద వాన చప్పుడు పెద్దగా ఉంది, లోపల పొడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. కలం తీసి, ‘కాపలాదారులు’ అని రాసి, ఎంతమంది అని అడిగారు.

“ముగ్గురమండి.”

“ఆ అమ్మాయి వయసు?”

“ఇరవయ్యొకటండి.”

“ఈ...” దక్షిణామూర్తి గారు డేగిసాలోకి చూశారు. పిల్ల కూడా ఆయన్ను చూసింది. “వీరి వయసు?”

“ఇయ్యాల్టికి ఇరవై రెండండి.”

ఏళ్లా రోజులా అని ఆయన అడగలేదు. ఇరవై రెండు అని రాశారు. ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటి పొరపాటు. ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్ర పట్టింది.

శుక్రవారం వాన వెలిసేసరికి పేటలో మిగిలిన నలభై రెండు కుటుంబాలూ కొబ్బరితాళ్లు, పీచు సిద్ధం చేసుకుని, తమ తమ గోడల కోసం నావలెక్కాయి.

సోమవారం ప్రత్యేక బృందం వచ్చి చూసి రాసిన నివేదిక ఇప్పటికీ మండల కార్యాలయం బీరువాలో భద్రంగా ఉంది. అందులో గువ్వలంక పేట గురించి ఇంతే ఉంది: “గోడ క్షేమం. చార చెక్కుచెదరలేదు. బరకం సద్వినియోగమగుచున్నది. ఈ స్థలమున వరద బాధితులు ఎవరూ కనిపించలేదు. కాపలాదారులు ముగ్గురిలో ఒకరు విధినిర్వహణలో నిద్రించుచుండగా గుర్తించి, లేపి, మందలించడమైనది. సదరు వ్యక్తి సమాధానముగా ఆవలించి, తిరిగి నిద్రించిరి.”